మూతల వైశాల్యం

బుధవారం సాయంత్రం కృతి కూరగాయల కత్తితో థర్మోకోల్ బంతిని సగానికి కోస్తుంటే శశికళకు ఒళ్ళు మండింది. తెల్లటి పొట్టు డైనింగ్ టేబుల్ మీద, నేల మీద, ఆఖరికి స్టవ్ మీద మరుగుతున్న చారులో కూడా పడింది. ఆఫీసు నుంచి వచ్చి పావుగంట కాలేదు, మెళ్ళో బ్యాడ్జి ఇంకా వేలాడుతూనే ఉంది. బయట, డాలస్ పక్కనున్న ఈ కాపెల్‌లో, ఆరున్నరకి కూడా నూట నాలుగు డిగ్రీల ఫారన్‌హీట్. చినుకు పడి నలభై రోజులైంది. గడ్డి మంటల హెచ్చరిక ఫోన్‌లో వరసగా అయిదో రోజు ఎర్రగా కూర్చునుంది.

"ఏం లెక్కలమ్మా ఇవి? బంతులు కొయ్యడం, దారాలు చుట్టడం!"

"అమ్మా, ఇది సర్ఫేస్ ఏరియా. మా టీచర్ ఫార్ములా ఇవ్వదు. మనమే ఫైండ్ చేయాలి," అంది కృతి.

ఎనిమిదో క్లాసు పిల్ల, పట్టుదల మనిషి. సగం బంతిని బోర్లించి, దాని నడినెత్తిన గుండుసూది గుచ్చి, అక్కణ్ణుంచి ఉన్నిదారం చుట్టలు చుట్టలుగా, సందు లేకుండా, అంచు దాకా చుట్టింది. తర్వాత బంతిని వెల్లకిలా తిప్పి, కోసిన చదును ముఖం మీద కూడా అలాగే చుట్టింది.

"గెస్ చెయ్ అమ్మా. రౌండ్ సైడ్‌కి ఎంత ఎక్కువ దారం పట్టుంటుంది?"

"కొంచెం ఎక్కువ పడుతుందిలే," అంది శశికళ, పోపు గరిటెలో ఆవాలు వేస్తూ.

కెమికల్ ఇంజనీరింగ్ చదివిన మనిషి ఇచ్చే జవాబేనా అది! ఇంటర్లో అర్ధగోళం సూత్రం నిద్రలో లేపి అడిగినా చెప్పేది. సూత్రం నోటికి వచ్చు. కంటికి రాలేదు, అంతే.

కృతి రెండు దారాలూ విప్పి హాల్లో నేల మీద పరిచింది. చదునుకి పట్టింది పన్నెండడుగులు. గుండ్రటి వీపుకి పట్టింది ఇరవై నాలుగు, ఓ అంగుళం అటూ ఇటూ.

"డబుల్! ఎగ్జాక్ట్‌లీ డబుల్ అమ్మా! దీన్ని ఫ్లాట్ అనుకుంటే హాఫ్ మిస్ అయిపోతాం."

ఆవాలు చిటపటలాడాయి, మాడాయి, పొగ లేచింది. శశికళ గరిటె అలాగే పట్టుకుని నిలబడింది. ఆఫీసు ఎక్సెల్ షీట్లో ముప్ఫై ఒకటో వరస ఆమె కళ్ళ ముందు కదిలింది. 'మూతలు: రెండు గుండ్రాలు.' రెండు గుండ్రాలంటే రెండు చదును బిళ్ళలు. పోయిన నెల ఆ వరస పక్కనే కదూ తను పొట్టి సంతకం పెట్టింది?

స్టవ్ ఆపేసి లాప్‌టాప్ తెరిచింది.

శశికళ పనిచేసేది అర్వింగ్‌లో పద్నాలుగు మంది ఉన్న చిన్న ఆఫీసులో. గ్యాసు ట్యాంకుల మీద సేఫ్టీ వాల్వు ఎంతది పెట్టాలో లెక్క కట్టడం వాళ్ళ పని. ట్యాంకు చుట్టూ మంట లేస్తే లోపలి గ్యాసు మరుగుతుంది. మరిగినదంతా వాల్వులోంచి పైకి పోవాలి. కుక్కరు పెద్దదై విజిలు రంధ్రం చిన్నదైతే ఏమవుతుందో వంటింట్లో తిరిగే ఎవరికైనా తెలుసు. వేడి లోపలికి ఎక్కేది ట్యాంకు పైచర్మం గుండా, కాబట్టి లెక్కంతా ఆ చర్మం ఎన్ని చదరపు అడుగులన్న దాని మీదే నడుస్తుంది.

ఈ ట్యాంకు అడ్డంగా పడుకున్న క్యాప్సూల్ మాత్రలా ఉంటుంది. నడుము పొడుగు ఇరవై అడుగులు, అడ్డకొలత పది, రెండు చివర్లా సగం బంతుల్లాంటి మూతలు. శశికళ కరెంటు బిల్లు వెనక పెన్సిల్‌తో కట్టింది. ఉన్న చర్మం తొమ్మిది వందల నలభై రెండు చదరపు అడుగులు. షీటు చెప్పింది ఏడు వందల ఎనభై అయిదు. నూట యాభై ఏడు అడుగులు గల్లంతు. ఆరింట ఒక వంతు చర్మం ఎవరి లెక్కలోనూ లేదు.

మళ్ళీ కట్టింది. అంతే వచ్చింది. 

ఆ షీటు వీరభద్రరావుగారిది. కంపెనీ ఆయనది, సీలు ఆయనది. టెక్సాస్ రాష్ట్రం ఇచ్చిన ఇంజనీరు సీలు పడితేనే ఏ కాగితమైనా గడప దాటుతుంది. షీటు మొదటి గడిలో చిన్నగా 'శ్రీ' అని ఉంటుంది. సూత్రాల గడులన్నీ తాళం వేసి ఉంటాయి, మనం అంకెలు నింపడమే. కొత్త ప్రాజెక్టు వస్తే పాత షీటును 'శ్రీ'తో సహా కాపీ చేసుకోవడం ఆ ఆఫీసు ఆచారం. పెద్దల మాట చద్దిమూట అంటారు. మూట విప్పి చూడకూడదని ఏ పెద్దా అనలేదు గానీ, ఎవరూ విప్పలేదు.

మరి ఇన్నేళ్ళూ ఎలా గడిచింది? దాదాపు అన్నీ పొడుగు ట్యాంకులు కావడం వల్ల. అరవై అడుగుల నడుము ఉన్నప్పుడు మూతల్లో పోయేది పద్నాలుగింట ఒక వంతే. లెక్కకి దగ్గర్లో దొరికే పై సైజు వాల్వు పెడతారు గనక ఆ తేడా అందులో కొట్టుకుపోయేది. ఇది పొట్టి ట్యాంకు. షీటు చెప్పిన అంకెకీ వాల్వు సైజుకీ వెంట్రుకవాసి ఖాళీ లేదు.

సోమవారం ఆ ట్యాంకులో ప్రొపేన్ గ్యాసు నింపుతారు.

"అమ్మా, చారు బర్న్ అయిందా?" అంది కృతి.

"లేదు నాన్నా. పోపు మాడింది."

మర్నాడు పొద్దున్నే శశికళ గోపీనాథ్ క్యాబిన్ తలుపు తట్టింది. వరంగల్ మనిషి, ప్రాజెక్టు మేనేజరు, నవ్వుతూనే పని చేయించుకునే రకం. కరెంటు బిల్లు వెనక లెక్క రెండుసార్లు చూశాడు. నవ్వు ఆగింది.

"ఇది ఇప్పుడెందుకు తవ్వుతున్రు శశికళ గారూ? వాల్వ్ ఇన్‌స్టాల్ అయిపాయె. మండే ఫిల్లింగ్."

"అందుకే చెప్తున్నానండీ. ఫిల్లింగ్ ఆపమని రాద్దాం."

"ఆపమంటే వాళ్ళు ఎందుకంటరు. సార్ లెక్క తప్పని మనం చెప్పాలె. సార్ సీల్ పోతది, కంపెనీ ఇన్సూరెన్స్ పోతది." గొంతు తగ్గించాడు. "మీ వీసా ఎక్స్‌టెన్షన్ లెటర్ యాడుందో యాదికున్నదా? సార్ టేబుల్ మీద. మండే సంతకం. ఈడ ఉండనీకి మీ స్టేటస్ ఇంకెన్ని రోజులు?"

"మూడు వారాలు."

"మీ ఆయన తేజేశ్వర్ గారికేమన్న జాబ్ దొరికిందా?"

"ఇంకా లేదు."

"మరి? అయినా చెక్డ్ బై గడిల ఎవరి ఇనీషియల్స్ ఉన్నయ్?"

"నావే."

గోపీనాథ్ కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. "ఇనుండ్రి. ప్రిపేర్ చేసింది ఆ కొత్త పిల్ల నమ్రత. డేటా ఎంట్రీ మిస్టేక్ అని ఫైల్ల ఒక నోట్ పెడ్త. డిసెంబర్ల ప్లాంట్ షట్‌డౌన్ ఉంటది, అప్పుడు పెద్ద వాల్వ్ మారుద్దం. ఎవ్వరికీ నొప్పి కాదు."

"డిసెంబర్ దాకా నిండు ట్యాంకు అలాగే ఉంటుందా?"

"నాలుగు నెలలు. ఏమైతది?"

ఇక్కడ దాచడం దేనికి, ఉన్నమాటే చెప్పుకోవాలి. శశికళ నోరు విప్పలేదు. నమ్రత అంకెలన్నీ సరిగ్గానే వేసిందని ఒక్క మాట అంటే సరిపోయేది. ఆ మాట నాలుక చివరి దాకా వచ్చి, మూడు వారాలన్న మాట గుర్తొచ్చి, వెనక్కి పోయింది. ఆమె తన మీద తనకే అసహ్యం వేస్తుండగా బయటికి నడిచింది.

మధ్యాహ్నం ప్యాంట్రీలో నమ్రత మైక్రోవేవ్ ముందు నిలబడి ఉంది. మాస్టర్స్ అయి ఏడాది తిరగని పిల్ల. శశికళను చూడగానే ముఖం విప్పారింది.

"అక్కా, అమ్మ గోంగూర పచ్చడి పంపింది. కాస్త వేసుకోండి, ప్లీజ్."

శశికళ ప్లేటు చాపింది. అన్నం కలుపుకుంది గానీ తినకుండానే లేచింది.

సాయంత్రం తేజేశ్వర్‌తో అంతా చెప్పింది. అతను ఉద్యోగం పోయి రెండు నెలల నుంచి ఇంట్లో ఉంటున్నాడు. రోజుకి పది అప్లికేషన్లు, పది 'సారీ'లు. విన్నంతసేపూ సింకులో గిన్నెలు కడుగుతూనే ఉన్నాడు.

"అడుసు తొక్కనేల, కాలు కడగనేల? షీటు నీది కాదు, సీలు నీది కాదు. మంట రావాలి, చుట్టూ రావాలి, అది కూడా నిండు ట్యాంకుకి రావాలి. ఇన్ని రావాలి శశీ."

"రాకూడదని మనం మొక్కుకుంటూ కూర్చోవాలా?"

తేజేశ్వర్ ట్యాప్ ఆపి, ఫోన్‌లో ఎర్రగా ఉన్న హెచ్చరిక వైపు చూసి, మళ్ళీ ట్యాప్ తిప్పాడు.

శుక్రవారం పదకొండు గంటలకి నమ్రత అట్టపెట్టెతో లిఫ్టు దగ్గర కనిపించింది. పెట్టెలో ఒక కాఫీ మగ్గు, ఒక స్వెట్టరు, గోంగూర సీసా. ఏడవడం లేదు, అదే భరించలేకపోయింది శశికళ.

"నా ఎంట్రీ తప్పట అక్కా, తీసేశారు. ఏ ఎంట్రీయో చూపించమన్నాను. చూపించలేదు. నేను మూడుసార్లు చూసుకుని వేశాను, మీరు కూడా చెక్ చేశారు కదా?"

"చేశాను," అంది శశికళ. లిఫ్టు తలుపులు మూసుకున్నాయి.

తన సీటుకి వచ్చి బ్యాగులోంచి కృతి థర్మోకోల్ సగం బంతి తీసింది. పొద్దున ఎందుకు పెట్టుకుందో అప్పుడు తెలియలేదు, ఇప్పుడు తెలిసింది. ఉన్నిదారం చుట్ట కూడా పట్టుకుని తిన్నగా వీరభద్రరావుగారి గదికి వెళ్ళింది.

డెబ్బై ఆరేళ్ళ మనిషి. పొడుగు చేతుల చొక్కా, జేబులో చెక్కిన పెన్సిల్. శుక్రవారం శుక్రవారం పెరట్లో కుండీలోంచి కరివేపాకు కోసుకొచ్చి శశికళకి ఇవ్వడం ఆయన అలవాటు.

"కూర్చో అమ్మాయ్. కరివేపాకు అదిగో, పట్టుకెళ్ళు. ఏంటది?"

"మా కృతి హోంవర్కండీ."

దారం చుట్టి చూపించింది, చదును మీద, గుండ్రం మీద. తర్వాత ముప్ఫై ఒకటో వరస చూపించింది. నెమ్మదిగా మాట్లాడింది. ఆయన విన్నాడు. పెన్సిల్ తీసి బల్ల మీద నిలువుగా పెట్టాడు, అది దొర్లింది, మళ్ళీ పెట్టాడు.

"ఆ షీటు నేను డెబ్బై తొమ్మిదిలో చేత్తో గీశాను. అప్పటికి నువ్వు పుట్టావా?"

"లేదండీ."

"ఆ లెక్కతో పెట్టిన ట్యాంకు ఒక్కటైనా పేలిందా?"

"లేదండీ. ఒక్కదాని చుట్టూ కూడా మంట రాలేదండీ. వస్తే కదండీ తెలిసేది."

ఆయన మొహం ఎర్రబడింది. ఆ ఆఫీసులో ఆయన ముందు అలా మాట్లాడినవాళ్ళు లేరు.

"ఆ పిల్ల ఎంట్రీ తప్పు చేసిందని గోపీ చెప్పాడు. ఆ అధ్యాయం అయిపోయింది."

"నమ్రత అన్నీ సరిగ్గానే వేసిందండీ. తప్పు గడిలో ఉంది. గడి మీది."

"మరి చెక్ చేసింది నువ్వేగా! నెల రోజుల కిందట ఏమైంది ఈ తెలివి?"

"మీ లెక్క కదా అని నేను చూడలేదండీ."

"నువ్వు చూశావు కదా అని నేను..." ఆయన సగంలో ఆగిపోయాడు.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.  ఇన్నేళ్ళూ తన వెనక ఒక గోడ ఉందనుకుని ఒరిగింది శశికళ, ఆయనా అదే గోడ తన వెనక ఉందనుకున్నాడు. ఇద్దరి వెనకా ఏమీ లేదు.

ముందుగా తేరుకున్నది ఆయనే. ట్రేలోంచి ఒక కాగితం తీసి ఆమె కనిపించేలా బల్ల మధ్యలో పెట్టాడు. ఆమె వీసా లెటర్. కింద సంతకం గీత ఖాళీగా ఉంది.

"ఇది సోమవారం పెడతాను. ఇంక వెళ్ళు. కరివేపాకు మర్చిపోకు."

అది దయో బెదిరింపో శశికళకి అర్థం కాలేదు. బహుశా ఆయనకీ తెలిసి ఉండదు. కరివేపాకు తీసుకుంది, బంతిని బల్ల మీదే వదిలేసింది.

శనివారం పొద్దున్న కారు తాళాలు తీసుకుంటుంటే తేజేశ్వర్ అడ్డం రాలేదు. మంచినీళ్ళ సీసా చేతికిచ్చాడు.

"వెళితే వెళ్ళు. నోటితో చెప్పిరా. కాగితం మీద మాత్రం నీ పేరు రాయకు. దణ్ణం పెడతాను."

ట్యాంకు ఉన్న ప్లాంటు డాలస్‌కి దక్షిణంగా గంటన్నర. హైవే దిగాక రోడ్డుకి రెండు పక్కలా గడ్డి ఎండి తెల్లబారిపోయి ఉంది. ఆగ్నేయంగా, ఆకాశం అంచున, గోధుమరంగు పొగ బద్దకంగా లేస్తోంది. ఒక ఫైరింజను సైరన్ లేకుండా ఆమెను దాటి అటే వెళ్ళింది.

ముందు కనిపించింది ట్యాంకు. కాగితం మీద ఎన్నోసార్లు చూసింది గానీ కళ్ళెదురుగా చూడటం ఇదే మొదటిసారి. తెల్లటి రంగు, సిమెంటు దిమ్మల మీద పడుకుని, రెండు మూతలూ ఎండకి ఉబ్బి మెరుస్తూ ఉంది. కంచె అవతల నడుం లోతు గడ్డి. ఆ గడ్డి అవతల వరసగా రేకుల ట్రెయిలర్ ఇళ్ళు, ఒక ఇంటి ముందు ప్లాస్టిక్ టబ్బులో ఇద్దరు పిల్లలు నీళ్ళు చల్లుకుంటున్నారు.

ఆపరేటర్ పేరు డ్వేన్. అరవై దాటిన మనిషి, టోపీ తీసి పలకరించాడు. శశికళ తన ఆఫీసు పేరు చెప్పి, సోమవారం ఫిల్లింగ్ ఆపాలని వచ్చానంది.

"ఆలస్యమైంది మేడమ్," అన్నాడు డ్వేన్. "గురువారం ట్రక్కులు ఖాళీగా ఉన్నాయని ముందే నింపేశారు."

ఆమె మూత దగ్గరికి వెళ్ళి గేజి చూసింది. ముల్లు డెబ్బై ఎనిమిది శాతం దగ్గర ఉంది. మెట్ల కమ్మీ ముట్టుకుంటే చెయ్యి కాలింది. ట్యాంకు అడుగున అరచెయ్యి పెట్టింది. అక్కడ మటుకు చల్లగా ఉంది, నిండుకుండ అడుగులాగా. తను గోపీనాథ్ గదిలో నోరు మూసుకున్న పూటే ఇది నిండింది.  

తర్వాత డ్వేన్‌కి చెప్పింది. సూత్రాలేమీ చెప్పలేదు. అతని టోపీ అడిగి తీసుకుని, దాని నోరు చూపించి "మేం ఇంత లెక్క కట్టాం," అంది. టోపీ వీపంతా వేలితో చుట్టి "ఉన్నది ఇంత," అంది. డ్వేన్ ట్యాంకు మూత వంక చూశాడు, పైన వాల్వు వంక చూశాడు, గడ్డి వంక చూశాడు. ఏమీ అడక్కుండా ఫోన్ తీశాడు.

అవతల ప్లాంటు యజమాని స్పీకరులో కసురుకున్నాడు. ఎవరో ఆవిడ వచ్చి చెబితే పన్నెండు వేల గ్యాలన్లు వెనక్కి తోడించాలా? కాగితం ఏదీ?

శశికళ కారులోంచి సీలు పడిన ఆఫీసు లెక్క కాగితం తెచ్చింది. కారు బానెట్ కాలిపోతోంది, అట్ట వేసి దాని మీద పెట్టింది. తన పొట్టి సంతకాన్ని ఒక్క గీతతో కొట్టేసింది. తేజేశ్వర్ దణ్ణం గుర్తొచ్చింది. 'వాల్వు చాలదు. ట్యాంకు ఖాళీ చేయాలి. అంకెలు వేసినవారి తప్పు లేదు. చెక్ చేయవలసిన నేను చెయ్యలేదు,' అని ఇంగ్లిషులో రాసి, పూర్తి పేరు రాసి, తేదీ వేసింది. డ్వేన్ ఫోటో తీసి పంపాడు.

"ఇందులో ఉన్న సీలు ఈవిడది కాదు," అంది స్పీకరు. "ఆ సీలు మనిషితో చెప్పించండి. అప్పటిదాకా ఒక్క చుక్క కదలదు."

ఆగ్నేయాన పొగ ఇందాకటికంటే వెడల్పయింది. శశికళ వీరభద్రరావుగారి ఇంటికి ఫోన్ చేసింది. ఆయన భార్య భానుమతి ఎత్తింది.

"నువ్వా తల్లీ! ఏమిచ్చావే మా ఆయనకి? నిన్న సాయంత్రం నుంచీ ఆ తెల్ల బంతి ముందేసుకుని దారం చుడతాడు, విప్పుతాడు. అన్నానికి లేవలేదు. పడుకోనూ లేదు."

"ఒక్కసారి ఇవ్వండి ఆంటీ. అర్జెంటు."

ఆయన లైన్లోకి వచ్చాడు. ట్యాంకు నిండిందని చెప్పింది, పొగ సంగతి చెప్పింది.  వద్దంటాడు, అనుకుంది. సోమవారం మాట్లాడదామంటాడు.

"ఫోన్ వాళ్ళకివ్వు," అన్నాడాయన.

డ్వేన్ రెండు ఫోన్లూ ఒకదాని పక్కన ఒకటి పెట్టాడు. వీరభద్రరావుగారు తన పేరు, సీలు నంబరు చెప్పాడు. యాభై ఏళ్ళ అమెరికా ఇంగ్లిషు ఎక్కడా తొట్రుపడలేదు. "లెక్క నాది. తప్పు నాది. ఆ ట్యాంకు ఈ రోజే ఖాళీ చేయించండి. కంచె చుట్టూ గడ్డి కొట్టించండి, నీళ్ళు కొట్టించండి. రాతపూర్వకంగా పది నిమిషాల్లో పంపుతున్నాను."

స్పీకరు ఏదో గొణిగి ఒప్పుకుంది. డ్వేన్ హోస్ పైపు కోసం పరిగెత్తాడు, ఆ వయసులో.

ఫోన్‌లో ఆయన గొంతు మళ్ళీ తెలుగులోకి వచ్చింది, బాగా కిందికి దిగిపోయి. "అమ్మాయ్, అక్కడి పని అయ్యాక మా ఇంటికి రా. పొట్టి ట్యాంకులు ఇంకా ఉన్నాయి."

మొదటి ట్రక్కు వచ్చి గొట్టం తగిలించాక, గేజి ముల్లు కదలడం కళ్ళారా చూశాకే శశికళ బయల్దేరింది.

ఆమె వెళ్ళేసరికి మూడున్నర. వీరభద్రరావుగారి హాలు నేల మీద పాత ఫైళ్ళు, నలభై ఏళ్ళవి. వాటి మధ్య చాప మీద కూర్చుని ఉన్నాడు, నిన్నటి చొక్కాతోనే. పక్కన సగం బంతి. పూలుకట్టే దారం చుట్టాడు దానికి, అంచు దగ్గర వరసలు చెదిరాయి.

"మొదట్లో మేం చేసినవన్నీ చదును మూతల ట్యాంకులు," అన్నాడు తలెత్తకుండా. "వాటికి ఆ గడి సరైనదే. తర్వాత గుండ్రటివి వచ్చాయి. పొడుగు గడి మార్చాను. మూతల గడి మార్చడం మర్చిపోయాను. అంతే తల్లీ. అంత చిన్నది."

"ఎన్నున్నాయండీ?"

"నూట పన్నెండు ట్యాంకుల్లో పొట్టివి ఇంకా ఆరు. ఆరూ నిండే ఉంటాయి." ఒక కాగితం ఆమె ముందుకు జరిపాడు. ఆరు పేర్లు, ఆరు ఫోన్ నంబర్లు, పెన్సిల్‌తో. "ఆ పిల్లకి కూడా ఉత్తరం రాశాను, నమ్రతకి. తప్పు తనది కాదని."

భానుమతి మజ్జిగ గ్లాసులు పెట్టి, ఇద్దరి మొహాలూ చూసి లోపలికెళ్ళింది.

ఆయన జేబులోంచి మడత పెట్టిన ఇంకో కాగితం తీశాడు. వీసా లెటర్. సంతకం ఉంది.

"పెట్టాను. కానీ వినమ్మా. ఒక్క ట్యాంకంటే పొరపాటు. ఈ ఆరు ఫోన్లూ చేశామంటే సోమవారం పొద్దున్నకి ఇన్సూరెన్సు వాళ్ళు మన తలుపు మూస్తారు. మూసిన కంపెనీ లెటరు చిత్తుకాగితం. సోమవారం పదింటికి లాయరు నీ కాగితాలు ఇమిగ్రేషన్ వాళ్ళకి పంపేస్తాడు. ఆ తర్వాత చేస్తే కనీసం రసీదైనా నీ చేతిలో ఉంటుంది." ఆయన కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "రెండు రోజులు. నలభై ఏళ్ళు ఆగిన ట్యాంకులు. నువ్వు ఆగమంటే ఆగుతాను. నువ్వే చెప్పు."

ఆగుదామని ఉంది శశికళకి. ఎంతగా ఉందంటే నోట్లో నీరు ఊరినంతగా. కృతి స్కూలు, అపార్టుమెంటు లీజు, సింకు దగ్గర తేజేశ్వర్ వీపు, అన్నీ ఒక్కసారి కళ్ళ ముందు తిరిగాయి. రెండు రోజులే కదా. ఏమైతది, అన్నాడు గోపీనాథ్ కూడా.

బ్యాగులో ఫోన్ టింగుమంది. డ్వేన్ ఫోటో పంపాడు. కంచె అవతల గడ్డి నల్లగా కాలిపోయి ఉంది, ట్రెయిలర్ ఇళ్ళ దాకా. ట్యాంకు తెల్లగా, తడిగా, నిలబడి ఉంది. మంట గంట కిందట వచ్చిందట, అప్పటికి రెండో ట్రక్కు కూడా నింపుకుని వెళ్ళిపోయిందట, ఎవరికీ ఏమీ కాలేదట.

శశికళ ఫోటో ఆయనకి చూపించింది. ఆయన చాలాసేపు చూసి, కళ్ళజోడు తీసేశాడు.

"మొదటి నంబరు చదవండి," అంది.

ఆయన చదివాడు, ఆమె నొక్కింది. ఇటుకల ఫ్యాక్టరీ వాచ్‌మన్ ఎత్తాడు, మేనేజరుకి కలిపాడు. రెండోవాళ్ళు అరిచారు, మూడోవాళ్ళు పేరు రెండుసార్లు చెప్పించుకున్నారు, స్పెల్లింగుతో సహా. ప్రతిసారీ వీరభద్రరావుగారు సీలు నంబరు చెప్పి, లెక్క నాది, తప్పు నాది అన్నాడు. ప్రతిసారీ శశికళ, చెక్ చేయవలసింది నేను, అంది. అయిదోది అయ్యేసరికి ఇద్దరి గొంతులూ బొంగురుపోయాయి. ఒళ్ళో పెట్టుకున్న లెటరు ఎప్పుడు జారిందో, ఫైళ్ళ మధ్య కలిసిపోయింది. ఆమె వెతకలేదు.

ఆరోది తూర్పు టెక్సాస్‌లో ఒక కోళ్ళ ఫారం. శశికళ నొక్కి, స్పీకరులో పెట్టి, చాప మీద ఉంచింది.

మోగుతోంది. ఇద్దరూ దాని మీదికి వంగి కూర్చున్నారు. పది సార్లు మోగింది, ఇరవై సార్లు మోగింది, దానంతట అదే ఆగిపోయింది. కిటికీ అద్దం మీద తూర్పువైపు ఆకాశం, పొద్దు వాలకుండానే, ఎర్రబడుతోంది.

"శనివారం కదా," అన్నాడు వీరభద్రరావుగారు. "ఎక్కడికైనా వెళ్ళుంటారు."

శశికళ మళ్ళీ నొక్కింది.